పనితనానికి వారసురాళ్లు

నాన్న ఉద్యోగం కూతురికి వచ్చినా రాకపోయినా, నాన్న చేతిలోని పనితనం మాత్రం రావాలి. యంత్రాల చప్పుడు మధ్యే పుట్టి పెరుగుతున్న గోదావరిఖని ఆడపిల్లలకు రోబోటిక్స్ క్లబ్ కాలనీకొకటి ఎందుకు ఉండాలి, దాన్ని ఎలా నడపాలి? ఈ వారం ముఖచిత్ర కథనం.

2025 ఫిబ్రవరి 22. నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో పైకప్పు కూలింది. ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. సైన్యం వచ్చింది, నౌకాదళం వచ్చింది, ఎన్డీఆర్ఎఫ్ వచ్చింది. వాళ్లతో భుజం కలిపి లోపలికి నడిచినవాళ్లలో సింగరేణి బొగ్గు గనుల రెస్క్యూ బృందాలూ ఉన్నాయి. మోకాలు దిగబడే బురద, ఆగని ఊట, మెలితిరిగిపోయిన ఇనుము, ఎప్పుడు ఊడిపడుతుందో తెలియని కప్పు. మనిషిని పంపడం ప్రమాదమనుకున్న చోటికి పంపడానికి హైదరాబాద్‌లోని అన్వి రోబోటిక్స్ సంస్థ నుంచి రోబోలను రప్పించారు. ఇంత చేసినా ఆ ఎనిమిది మందిలో ఒక్కరినీ ప్రాణాలతో బయటికి తేలేకపోయారు.

ఆ సొరంగంలో రెండు విద్యలు పక్కపక్కన నిలబడ్డాయి. ఒకటి, కప్పును తట్టి ఆ చప్పుడును బట్టే ప్రమాదాన్ని పసిగట్టే గని కార్మికుడి అనుభవం. రెండోది, మనిషి అడుగు పెట్టలేని చోటికి వెళ్లి అక్కడి సంగతి చెప్పగలిగే యంత్రాన్ని తయారుచేసే చదువు. మొదటిది తెలిసినవాళ్లకు రెండోది తెలియదు. రెండోది చదివినవాళ్లలో చాలామంది గని మొహం చూసి ఉండరు. ఈ రెండూ ఒకే ఇంట్లో పెరిగే అవకాశం తెలుగు నేల మీద ఎక్కడైనా ఉందంటే అది కోల్‌బెల్ట్‌లోనే. గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ, జ్యోతినగర్‌లలో రోజూ సాయంత్రం షిఫ్టు దిగి వచ్చే నాన్నల ఇళ్లలో ఆ అవకాశం పెరుగుతోంది. ఆ ఇళ్లలో ఉన్నది కొడుకులే కాదు, కూతుళ్లూ ఉన్నారు.

తట్టా చెమ్మాస్ నుంచి లాంగ్‌వాల్ దాకా

1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉందని గుర్తించాడు. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇప్పుడు అందులో 51 శాతం వాటా తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. ఏటా దాదాపు ఏడు కోట్ల టన్నుల బొగ్గు తీస్తోంది. ఆ బొగ్గును ఒకప్పుడు తట్టా చెమ్మాస్‌తో మనుషులే ఎత్తి టబ్బుల్లో నింపేవారు. తర్వాత బొగ్గు ఎత్తిపోసే యంత్రాలు ఎస్‌డీఎల్ వచ్చింది, ఎల్‌హెచ్‌డీ వచ్చింది. జీడీకే-11 ఇంక్లయిన్‌లో కంటిన్యువస్ మైనర్ దిగింది. అడ్రియాలలో లాంగ్‌వాల్ మొదలైంది. ఇంకోవైపు ఓపెన్‌కాస్టులు పెరిగి, బొగ్గులో చాలా ఎక్కువ భాగం అక్కడి నుంచే వస్తోంది.

అడ్రియాల లాంగ్‌వాల్ ఎలా పని చేస్తుందో ఆ గనిలో దిగిన ఏ కార్మికుణ్ని అడిగినా చెబుతాడు. బొగ్గు గోడ వెంట షియరర్ అటూ ఇటూ తిరుగుతూ కోస్తుంది. కోసిన బొగ్గును చైన్ కన్వేయర్ మోసుకుపోతుంది. పైకప్పు బరువును వరుసగా నిలబడిన హైడ్రాలిక్ పవర్ సపోర్టులు మోస్తాయి. కోత ముందుకు జరిగే కొద్దీ ఒక్కో సపోర్టు కిందికి దిగి, ముందుకు జరిగి, మళ్లీ కప్పును ఎత్తిపట్టుకుంటుంది. పరిస్థితిని గమనించడం, ఏం చేయాలో తేల్చుకోవడం, చేయడం. రోబో చేసే పని ఈ మూడే. అంటే గోదావరిఖని మనుషులు రోబోలాంటి యంత్రాల పక్కన ఏళ్లుగా డ్యూటీ చేస్తూనే ఉన్నారు. వాటి హైడ్రాలిక్ పైపు పగిలితే మార్చినవాళ్లు, కేబుల్ తెగితే అతికినవాళ్లు, మోటారు కాలితే విప్పి చూసినవాళ్లు ఈ కాలనీల్లోనే ఉన్నారు.

యంత్రాలు వచ్చిన కొద్దీ మనుషులు తగ్గారు. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు సుమారు 40 వేలు. నాన్న తర్వాత కొడుక్కి ఉద్యోగం అన్నది కోల్‌బెల్ట్‌లో తరతరాల ఆశ. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. తర్వాత వైద్య కారణాలతో పనికి అనర్హులైన కార్మికుల పిల్లలకు కారుణ్య నియామకాలు ఇస్తున్నారు. వాటి ద్వారా యువతులు కూడా సంస్థలో చేరుతున్నారు. అది మంచి మార్పు. కానీ లెక్క ముందు నిజం దాగదు. కోల్‌బెల్ట్‌లో పుట్టిన పిల్లలందరికీ సరిపడా మస్టర్లు ఇక రావు. వచ్చే కొద్ది ఉద్యోగాలూ యంత్రాన్ని నడిపేవి, బాగుచేసేవి, దానికి ఆదేశాలు రాసేవే. నాన్న ఉద్యోగాన్ని పంచలేం. పనితనాన్ని ఎంతమందికైనా పంచవచ్చు.

తలుపు తెరిచిన చట్టం

1952 నాటి గనుల చట్టంలోని 46వ సెక్షన్ భూగర్భ గనుల్లో స్త్రీలు పని చేయడాన్ని నిషేధించింది. దాదాపు ఏడు దశాబ్దాల పాటు సింగరేణి ఆడపిల్లలకు బాయి అంటే నాన్న వెళ్లే చోటే తప్ప తాము వెళ్లగలిగే చోటు కాదు. 2019లో కేంద్రం మినహాయింపులిచ్చింది. భూగర్భంలో సాంకేతిక, పర్యవేక్షక, మేనేజ్‌మెంట్ పనుల్లో పగటి వేళ స్త్రీలను నియమించే వీలు కలిగింది. ఓపెన్‌కాస్టుల్లోనైతే రాత్రి షిఫ్టులకూ అనుమతి వచ్చింది. వాళ్ల రాతపూర్వక సమ్మతి, తగిన రక్షణ ఏర్పాట్లు ఉండాలన్నది షరతు.

ఆ తలుపు తెరుచుకోగానే లోపలికి అడుగుపెట్టినవాళ్లలో మన బొగ్గు నేల బిడ్డ ఉంది. భూపాలపల్లికి చెందిన గని కార్మికుడి కూతురు సంధ్య రసకట్ల కొత్తగూడెంలో మైనింగ్ ఇంజినీరింగ్ చదివింది. భూగర్భ గనుల్లో సెకండ్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ సాధించిన తొలి భారతీయ మహిళగా గుర్తింపు పొంది, రాజస్థాన్‌లో హిందుస్థాన్ జింక్ సంస్థలో పని చేసింది. 2021లో జార్ఖండ్‌కు చెందిన ఆకాంక్ష కుమారి సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్ వారి చూరి భూగర్భ గనిలో చేరింది. కోల్ ఇండియా భూగర్భ గనిలో చేరిన తొలి మహిళా మైనింగ్ ఇంజినీర్ ఆమె.

చట్టం ఒప్పుకున్నంత మాత్రాన అందరూ లోపలికి వెళ్లలేరు. మైనింగ్, మెకానికల్, ఎలక్ట్రికల్, మెకట్రానిక్స్ చదవాలన్న కోరిక ఇంటర్‌లో గ్రూపు ఎంచుకునే నాటికే పిల్ల మనసులో కుదిరి ఉండాలి. అది కుదరాలంటే అంతకు ముందే యంత్రాన్ని తాకి ఉండాలి. రోబోటిక్స్ క్లబ్ పని అదే: ఆరో తరగతికీ పదో తరగతికీ మధ్య ఆడపిల్లకు యంత్రంతో చనువు కలిగించడం.

బొగ్గు ఊరి నుంచి బొగ్గు ఊరికి

పిట్స్‌బర్గ్ అమెరికాలో బొగ్గు, ఉక్కు మీద బతికిన నగరం. అక్కడి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. దానికి వ్యవస్థాపక డైరెక్టర్ మన తెలుగువాడు, చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి. రైతు కుటుంబం. ఆ ఇంటి నుంచి కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ చేరాడు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న, ఆసియా సంతతికి చెందిన తొలి వ్యక్తి అయ్యాడు. తర్వాత మన గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీలకు, అంటే రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయానికి, తొలి చాన్సలర్‌గా పనిచేశాడు. అందులో బాసర ప్రాంగణం గోదావరి ఒడ్డున, గోదావరిఖనికి ఎగువన ఉంది. పదో తరగతి మార్కులతో చేరే ఆ ఆరేళ్ల కోర్సులో ఇటీవలి ప్రవేశాల జాబితాల్లో అమ్మాయిలదే పైచేయి.

2002 జులైలో పిట్స్‌బర్గ్ ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని క్వీక్రీక్ బొగ్గు గనిలో కార్మికులు పక్కనే ఉన్న పాత గని గోడను తెలియక ఛేదించారు. వదిలేసిన ఆ గనిలో నిండి ఉన్న నీరు ఒక్కసారిగా వచ్చి పడింది. తొమ్మిది మంది మూడు రోజులకు పైగా లోపల చిక్కుకుని, చివరికి ప్రాణాలతో బయటపడ్డారు. పాత గని పటం సరిగా లేకపోవడమే కారణమని తేలింది. ఆ ఘటన తర్వాత కార్నెగీ మెలన్ రోబోటిక్స్ పరిశోధకుడు రెడ్ విట్టేకర్ తన బృందంతో, విద్యార్థులతో కలిసి గ్రౌండ్‌హాగ్ అనే రోబోను తయారుచేశాడు. వదిలేసిన గనుల్లోకి మనిషి లేకుండా వెళ్లి, లేజర్ కిరణాలతో లోపలి పటం గీయడం దాని పని. 2003లో అది మాథీస్ అనే పాత గనిలోకి దిగింది.

అదే 2003లో, జూన్ 16న, గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ పేరు వింటే ఇప్పటికీ గొంతు పూడుకుపోయే ఇళ్లు ఈ ఊళ్లో ఉన్నాయి. ఒకే ఏడాది ఒక బొగ్గు ఊరు గనిలోకి రోబోను పంపింది, ఇంకో బొగ్గు ఊరు గని నుంచి శవాలను తెచ్చుకుంది. మన కార్మికుల ధైర్యం ఎవరికీ తీసిపోలేదు. అక్కడ ఆ ప్రమాదాన్ని ఒక లెక్కగా తీసుకుని యంత్రంతో జవాబు రాసే పిల్లలు సిద్ధంగా ఉన్నారు. మనకు లేనిది అదే.

పిట్స్‌బర్గ్‌లోనే 2010లో ఆడపిల్లల కోసం గర్ల్స్ ఆఫ్ స్టీల్ అనే రోబోటిక్స్ జట్టు మొదలైంది. విశ్వవిద్యాలయ పరిశోధకులు చేయూతనిచ్చారు. చుట్టుపక్కల వేర్వేరు స్కూళ్ల అమ్మాయిలు ఒకచోట చేరి పెద్ద రోబోను సొంతంగా కోసి, బిగించి, వైరింగ్ చేసి, ప్రోగ్రామ్ రాసి పోటీకి తీసుకెళ్తారు. బొగ్గు ఊరిలో ఆడపిల్లల రోబోటిక్స్ జట్టు సాధ్యమా అని అడిగేవాళ్లకు ఇదే రుజువు.

ఆడపిల్లలకు విడిగా ఎందుకు

అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి నేర్చుకుంటే సరిపోదా అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కలిసి చేసే ప్రాజెక్టుల్లో తరచూ ఏం జరుగుతుందో సైన్స్ టీచర్లకు తెలుసు. స్క్రూడ్రైవర్ అబ్బాయి చేతికి, స్కెచ్ పెన్ను అమ్మాయి చేతికి వెళ్తాయి. రికార్డు రాయడం, చార్టుకు రంగులేయడం, బహుమతి రోజున వివరించడం ఆమె వంతు. మోటారు బిగించడం, వైరు కలపడం అతని వంతు. ఎవరూ కావాలని చేయరు. కానీ ఆ రోజు యంత్రాన్ని తాకింది ఒక్కరే.

2017లో సైన్స్ పత్రికలో వచ్చిన లిన్ బియాన్ బృందం అధ్యయనం ప్రకారం ఆరేళ్ల వయసుకే, చాలా తెలివైనవాళ్లు అంటే మగవాళ్లే అన్న భావన అమ్మాయిల్లో మొదలవుతుంది. అదే ఏడాది వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆలిసన్ మాస్టర్ బృందం 96 మంది ఆరేళ్ల పిల్లలతో చేసిన పరిశీలన ఇంకో సంగతి చెప్పింది. చిన్న రోబోను స్వయంగా ప్రోగ్రామ్ చేసి నడిపించిన అమ్మాయిల్లో ఆసక్తీ, నేను చేయగలనన్న నమ్మకమూ పెరిగాయి. అబ్బాయిలతో పోలిస్తే ఉండే అంతరం తగ్గింది. ఉపన్యాసంతో రాని నమ్మకం కొద్దిసేపు చేతులతో చేసిన పనితో వచ్చింది.

అఫ్గానిస్థాన్ హెరాత్ నగరపు ఆరుగురు అమ్మాయిలకు 2017లో వాషింగ్టన్ రోబోటిక్స్ పోటీకి వెళ్లేందుకు అమెరికా వీసా రెండుసార్లు నిరాకరించింది. చివరికి అనుమతి వచ్చాక వెళ్లి, సాహసోపేత కృషికి పతకం తెచ్చుకున్నారు. 2020లో కరోనా వేళ ఆ జట్టు టయోటా కరోలా కారు విడిభాగాలతో తక్కువ ఖర్చు వెంటిలేటర్ నమూనా తయారుచేసింది. బయటికి రావడమే కష్టమైన చోట ఆ పిల్లలు అంత చేశారు. మన కాలనీల్లో ఆదివారం రెండు గంటలు వెసులుబాటు దొరకడం అంతకంటే చాలా తేలిక.

ఆదివారం రెండు గంటలు

క్లబ్ నడపడానికి ముందు కావలసింది చోటు. పిల్లలు నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో ఉండాలి. బొగ్గు లారీలు, బూడిద ట్యాంకర్లు తిరిగే రోడ్డు దాటి వెళ్లాల్సి వస్తే నాలుగో వారానికి సగం మంది మానేస్తారు. కాలనీలోని కమ్యూనిటీ హాలు, సీఈఆర్ క్లబ్‌లో ఒక గది, స్కూలు ల్యాబ్, ఖాళీగా ఉన్న క్వార్టర్ ఏదైనా సరే. శుభ్రమైన మరుగుదొడ్డి, మంచినీళ్లు, ఎర్తింగ్ సరిగా ఉన్న ప్లగ్గులు మాత్రం తప్పనిసరి. చీకటి పడకముందే ముగించాలి. నైట్ షిఫ్టు చేసి పగలు నిద్రపోయే నాన్నలున్న వీధులివి కాబట్టి, డ్రిల్లింగ్, సుత్తి పనులు ఉన్న గది ఇళ్లకు ఎడంగా ఉంటే మేలు.

రెండోది, నేర్పేవాళ్లు. ఇక్కడే కోల్‌బెల్ట్‌కు ఏ నగరానికీ లేని బలం ఉంది. రిటైరైన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, ఈపీ ఆపరేటర్లు వీధికి నలుగురుంటారు. నట్టు ఎంత బిగించాలో, వైరు ఎలా అతకాలో, షార్ట్ ఎక్కడ ఉందో వాళ్లకు చూపుతోనే తెలుస్తుంది. ప్రోగ్రామింగ్ వాళ్లకు రాకపోవచ్చు. ఆ పనికి సెంటినరీ కాలనీ దగ్గరున్న జేఎన్‌టీయూ మంథని ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు, ముఖ్యంగా అక్కడి అమ్మాయిలు, సెలవులకు ఇంటికొచ్చే బాసర ట్రిపుల్ ఐటీ అక్కలు ఉన్నారు. తాత పనితనం, అక్క కోడింగ్ ఒకే బల్ల మీదికి రావాలి. షిఫ్టులు మారుతుంటాయి, ఆదివారం ప్లేడే పడితే ఆ నాన్న రాలేడు. అందుకే ఒక్కరి మీద ఆధారపడకుండా నలుగురైదుగురు వంతులు వేసుకోవాలి. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు గదిలో ఉండాలి, వాళ్లలో ఒకరు తప్పనిసరిగా స్త్రీ అయి ఉండాలి.

మూడోది, సామాన్లు. ఖరీదైన విదేశీ కిట్లతో మొదలుపెట్టనక్కర్లేదు. ఇటలీలోని ఇవ్రియాలో 2005లో పుట్టిన ఆర్డుయినో బోర్డు, దాని డిజైన్ అందరికీ తెరిచి ఉంచడం వల్ల చౌకగా దొరుకుతోంది. ఆ బోర్డు, రెండు చిన్న గేరు మోటార్లు, మోటారు డ్రైవర్, దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్, రెండు ఐఆర్ సెన్సర్లు, చక్రాలు, బ్రెడ్‌బోర్డు, వైర్లు కలిపి ఒక కిట్ రెండు వేల రూపాయల లోపే వస్తుంది. నలుగురికి ఒక కిట్ చొప్పున ఇరవై మందికి ఐదు కిట్లు చాలు. ఒక మల్టీమీటర్, రెండు సోల్డరింగ్ ఐరన్లు, కళ్లద్దాలు, పాత ల్యాప్‌టాప్ రెండు ఉంటే క్లబ్ మొదలైనట్టే. పాడైన ప్రింటర్లు, మిక్సీలు, ఆటబొమ్మలు విప్పితే మోటార్లు, గేర్లు, స్ప్రింగులు ఊరికే దొరుకుతాయి. విప్పడం కూడా పాఠమే.

నాలుగోది, వంతులు. నలుగురి జట్టులో ఒకరు బిగించాలి, ఒకరు వైరింగ్ చేయాలి, ఒకరు ప్రోగ్రామ్ రాయాలి, ఒకరు నోట్‌బుక్‌లో రాసుకోవాలి. వారం వారం ఈ పనులు మారాలి. చక్కగా రాసే పిల్లకు ఎప్పుడూ నోట్‌బుక్కే ఇస్తే క్లబ్ పెట్టిన ప్రయోజనమే పోతుంది. పెద్దవాళ్లకు ఒకే నియమం: పిల్ల చేతిలోని పనిముట్టును లాక్కోకూడదు. తప్పు ఎక్కడుందో చూపించవచ్చు, సరిచేయాల్సింది ఆమే.

ఈ నేల అడిగే ప్రశ్నలు

మొదటి వారం ఎల్‌ఈడీ వెలిగించడం, ఆర్పడం. తర్వాత మోటారు తిప్పడం. ఆ తర్వాత నల్ల గీత వెంట నడిచే బండి. తెల్ల కాగితం ఐఆర్ కాంతిని తిప్పి పంపుతుంది, నల్ల గీత మింగేస్తుంది. ఆ తేడానే బండికి దారి చెబుతుంది. గదిలో చక్కగా నడిచిన బండి మిట్టమధ్యాహ్నం వరండాలో దారి తప్పుతుంది, ఎందుకంటే ఎండలోనూ ఐఆర్ ఉంటుంది. పొద్దున నిటారుగా వెళ్లిన బండి సాయంత్రం పక్కకు లాగుతుంది, ఎందుకంటే బ్యాటరీ దిగిపోయింది. ఒక్కో తప్పుకు ఒక్కో కారణం ఉంటుందని, వెతికితే దొరుకుతుందని పిల్లకు తెలిసిన రోజున క్లబ్ సగం పని పూర్తి చేసినట్టు.

ఆ తర్వాత ఊరి సమస్యలే పాఠ్యాంశాలు కావాలి. ఇంట్లో వంటగ్యాస్ లీకైతే మోగే అలారం తీసుకుందాం. సెన్సర్ ఎక్కడ పెట్టాలి? వంటగ్యాస్ గాలి కంటే బరువు కాబట్టి నేల దగ్గర చేరుతుంది, సెన్సర్ కింద ఉండాలి. గనిలోని మీథేన్ గాలి కంటే తేలిక కాబట్టి కప్పు దగ్గర చేరుతుంది, అక్కడే పరీక్షిస్తారు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకే పేలుతుంది. నాన్న రోజూ ఏ ప్రమాదాన్ని దాటి వస్తున్నాడో, వంటింట్లో పెట్టే పెట్టె ద్వారా కూతురికి అర్థమవుతుంది. ఇంతకంటే మంచి భౌతికశాస్త్ర పాఠం ఏ స్కూల్లో దొరుకుతుంది?

ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ జరిగినప్పుడు కిటికీలు అదురుతాయి. చిన్న యాక్సిలరోమీటర్‌తో ఆ కంపనాన్ని నమోదు చేసి, ఏ వీధిలో ఎంత ఉందో పటం గీయవచ్చు. ఎండాకాలం రామగుండం ఎలా ఉడుకుతుందో చెప్పనక్కర్లేదు. రేకుల ఇంట్లో, స్లాబు ఇంట్లో, చెట్టు నీడన ఉష్ణోగ్రత ఎంత తేడా ఉందో గంట గంటకూ సెన్సర్లతో కొలవవచ్చు. గాలిలో బొగ్గు ధూళి, బూడిద ఎంత ఉందో ధూళి సెన్సర్‌తో రోజూ రాసుకోవచ్చు. ఈ చవక సెన్సర్ల లెక్క అధికారిక లెక్క కాదని పిల్లలకు ముందే చెప్పాలి. కానీ తన వీధిని తానే కొలిచిన పిల్ల రేపు ఇంజినీర్‌గా, అధికారిగా అదే ప్రశ్నను వదలకుండా అడుగుతుంది.

భద్రతకు ఇక్కడ గట్టి నియమం ఉండాలి. లిథియం బ్యాటరీలను పెద్దవాళ్లు చూస్తుండగానే చార్జింగ్ పెట్టాలి, రాత్రంతా వదిలేయకూడదు. సోల్డరింగ్ చేసేటప్పుడు కళ్లద్దాలు, కిటికీ తెరిచిన గది, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి. క్లబ్‌లో చేసిన గ్యాస్ సెన్సర్‌ను ఎట్టి పరిస్థితిలోనూ గనిలోకి తీసుకెళ్లకూడదు. ఆ సెన్సర్ లోపల వేడెక్కే తీగ ఉంటుంది. గనిలో వాడే ప్రతి పరికరానికీ గనుల భద్రతా సంచాలక కార్యాలయం ఆమోదం ఎందుకు కావాలో పిల్లలకు వివరించడానికి ఇదే సరైన సందర్భం. రామగుండంలోని మైన్స్ రెస్క్యూ స్టేషన్ సిబ్బందిని ఏడాదికోసారి క్లబ్‌కు పిలవాలి. శ్వాస పరికరం వేసుకుని పొగలో ఎలా నడుస్తారో, అక్కడ ఏ సమాచారం అందక ఇబ్బంది పడతారో వాళ్లే చెప్పాలి. రేపు ఈ పిల్లలు తయారుచేయబోయే రోబోకు అదే మొదటి డిజైన్ పత్రం.

పోటీ, ఆ పైన చదువు

పోటీలు పిల్లల్ని పదునుపెడతాయి. ఫస్ట్ లెగో లీగ్‌లో రోబో ఆటకు రెండున్నర నిమిషాలే సమయం. అయినా అక్కడ రోబో పరుగుతో పాటు సమస్యకు వెతికిన పరిష్కారాన్నీ, జట్టుగా పని చేసిన తీరునూ సమానంగా చూస్తారు. వరల్డ్ రోబో ఒలింపియాడ్‌కు మన దేశంలోనే జాతీయ స్థాయి పోటీలున్నాయి. కానీ మొదటి ఏడాది పోటీ వద్దు. వంటింటి అలారం మోగించి అమ్మకు చూపించడమే మొదటి ఏడాది ప్రదర్శన కావాలి.

ప్రభుత్వం వైపు నుంచీ దారులున్నాయి. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల పథకంలో ఒక్కో స్కూలుకు 20 లక్షల రూపాయల దాకా సాయం అందింది. ఇప్పటికే దేశంలో పది వేల ల్యాబ్‌లు ఏర్పడ్డాయి. ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50 వేలు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. తెలంగాణ 2023 మేలో రోబోటిక్స్‌కు ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది. హైదరాబాద్‌లో టీ-వర్క్స్ ఉంది. ఇవన్నీ గోదావరిఖని దాకా రావాలంటే అడిగే గొంతు ఇక్కడ ఉండాలి. ల్యాబ్ వచ్చాక తాళం వేసి ఉంచకుండా ఆదివారం తెరిపించేది కూడా కాలనీ క్లబ్బే.

క్లబ్ పెట్టేవారికి

• ఆరు నుంచి పదో తరగతి దాకా ఇరవై మందితో మొదలుపెట్టండి. స్కూల్లో మార్కులు చూడొద్దు, ఆసక్తి చూడండి.

• మొదటి సమావేశానికి తల్లిదండ్రులను పిలవండి. అమ్మ చేత్తోనే ఎల్‌ఈడీ వెలిగించండి.

• వారానికి రెండు గంటలు, నెలకు నాలుగు వారాలు. పరీక్షల నెలలో సెలవు ఇవ్వండి, మూసేయొద్దు.

• విరాళం, ఖర్చు పుస్తకంలో రాసి గోడకు అంటించండి.

• ఇంగ్లిష్ రాని పిల్ల వెనకబడకూడదు. ఆదేశాలు ఇంగ్లిష్‌లో ఉన్నా వివరణ తెలుగులోనే సాగాలి.

• పాడైన రోబోను దాచకండి. ఎందుకు పాడైందో పిల్లలతో రాయించి, దాని పక్కనే పెట్టండి.

• రెండో ఏడాది నుంచి పెద్ద అమ్మాయిలే చిన్నవాళ్లకు నేర్పాలి.

అడగాల్సినవాళ్లను అడుగుదాం

సింగరేణి సేవా సమితి ఏళ్లుగా కార్మిక కుటుంబాల ఆడవాళ్లకు కుట్టుపని నేర్పి ఎందరికో సొంత సంపాదన చూపించింది. అదే సమితి కుట్టుమిషన్ గది పక్కన సోల్డరింగ్ బల్ల ఒకటి వేయించాలి. సింగరేణి యాజమాన్యం ప్రతి ఏరియాలో ఒక గది, వాడకం నుంచి తీసేసిన సురక్షితమైన ఎలక్ట్రానిక్ సామగ్రి ఇవ్వాలి. ఎన్టీపీసీ, ఎరువుల కర్మాగారం తమ సామాజిక బాధ్యత నిధుల్లో కొద్ది భాగం ఈ క్లబ్‌లకు కేటాయించాలి. కార్మిక సంఘాలు కారుణ్య నియామకాల కోసం ఎంత గట్టిగా పోరాడతాయో, కార్మికుల కూతుళ్ల సాంకేతిక శిక్షణ కోసమూ అంత గట్టిగా అడగాలి.

రిటైరైన ఫిట్టరన్నలకు ఒక మాట. మీ చేతుల్లో ముప్పై ఏళ్ల చదువు ఉంది. దానికి సర్టిఫికెట్ లేదు, కానీ అది మీతోనే పోతే ఈ నేలకు తీరని నష్టం. ఆదివారం రెండు గంటలు ఇవ్వండి. అమ్మలకు ఒక మాట. బిడ్డ మిక్సీ విప్పితే తిట్టకండి, మళ్లీ బిగించమని చెప్పండి. గోదావరిఖని బొగ్గు ఏదో ఒక రోజు అయిపోతుంది. ఆ బొగ్గును తవ్విన పనితనం అయిపోకూడదు. అది కొడుకులకు అందినట్టే కూతుళ్లకూ అందాలి. మీ కాలనీలో ఇరవై మంది అమ్మాయిలు, ఒక గది, ఇద్దరు పెద్దవాళ్లు దొరికితే వచ్చే ఆదివారమే మొదలుపెట్టండి.